తువ్వాలు వేయని సీటు

ఇంజినీరింగ్ కాలేజీలో యూనిక్స్ ల్యాబ్ ఎక్స్‌టర్నల్ జరుగుతుంటుంది. రికార్డు తిరగేస్తూ ఎగ్జామినర్ వైవా ప్రశ్న ఒకటి వేస్తాడు: సీ ప్రోగ్రాములో ఫైలు తెరిచే ముందు ఏం చేయాలి? "స్టాట్ పిలిచి ఫైలు ఉందో లేదో, మామూలు ఫైలో డైరెక్టరీయో, అనుమతులు ఎలా ఉన్నాయో చూసుకోవాలి సార్" అని విద్యార్థి తడుముకోకుండా చెబుతాడు. ఎగ్జామినర్ తల ఊపుతాడు, మార్కులు పడతాయి. రేపు అతనే ఉద్యోగంలో చేరి ఇదే పద్ధతిలో కోడ్ రాస్తే, రివ్యూ చేసే సీనియర్ కూడా "కుర్రాడు జాగ్రత్తపరుడు" అనే అంటాడు.

ఆ జవాబు తప్పు. తప్పని తేలి ఇప్పటికి యాభై ఏళ్లు దాటింది.

అయినా అది నిలబడి ఉండటానికి కారణం లేకపోలేదు. ఆచితూచి అడుగేయమన్న పెద్దల మాటకు ఇది అచ్చంగా సరిపోయినట్టు కనిపిస్తుంది. ముందు చూసుకో, బాగుంటేనే తెరువు. వినడానికి ఎంత పద్ధతిగా ఉంది! పాఠ్యపుస్తకాల్లోని ఉదాహరణలు ఇదే వరసలో నడుస్తాయి, కోచింగ్ సెంటర్ల నోట్సులు వాటినే తిరగరాస్తాయి. స్టాట్ సున్నా ఇస్తే ఫైలు ఉన్నట్టు, మైనస్ ఒకటి ఇస్తే లేనట్టు అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఈ రెండు ముక్కలూ నమ్మదగ్గవి కావు. వాటి మీద కట్టిన "ముందు చూడు, తర్వాత తెరువు" అనే సూత్రం అంతకన్నా కాదు.

స్టాట్ మీద మాత్రం ఎవరికీ కోపం అక్కర్లేదు. 1971 నవంబరు నాటి యూనిక్స్ తొలి మాన్యువల్‌లోనే అది ఉంది. అప్పటికి సీ భాషే ఇంకా రూపు దిద్దుకోలేదు. ఫైలు పేరు ఇస్తే చాలు, దాని రకం, అనుమతులు, యజమాని, బైట్లలో సైజు, ఎన్ని హార్డ్ లింకులున్నాయి, ఐనోడ్ నంబరు ఎంత, చివరిసారి ఎప్పుడు చదివారు, ఎప్పుడు మార్చారు అన్నదంతా ఒక స్ట్రక్చర్‌లో నింపి చేతిలో పెడుతుంది. సింబాలిక్ లింకులు వచ్చాక, లింకు వెంట పోకుండా లింకు గురించే చెప్పే ఎల్‌స్టాట్ 1983 నాటి 4.2 బీఎస్‌డీతో జతకూడింది. నిజానికి ఇవేవీ సీ భాషా ప్రమాణంలో లేవు, పోసిక్స్ సొత్తు. తొలి మాన్యువల్‌లోనే స్టాట్‌కు ఒక తోబుట్టువు కూడా ఉంది, ఎఫ్‌స్టాట్. అది పేరును అడగదు. అప్పటికే తెరిచి చేతిలో పెట్టుకున్న ఫైల్ డిస్క్రిప్టర్‌ను అడుగుతుంది. రెండింటికీ తేడా పేరులో ఒక్క అక్షరమే. కొట్లాట అంతా ఆ అక్షరం దగ్గరే.

సంక్రాంతికి ఊళ్లకు వెళ్లేవాళ్లతో కిక్కిరిసిన బస్టాండును తలుచుకుంటే విషయం తేలిగ్గా తెలుస్తుంది. ఆర్టీసీ బస్సు ప్లాట్‌ఫామ్ మీదికి వస్తుండగానే ఒక పెద్దమనిషి కిటికీలోంచి తొంగిచూసి, మూడో వరసలో సీటు ఖాళీగా ఉందని తృప్తిపడి నింపాదిగా తలుపు వైపు నడుస్తాడు. పక్కనున్న కుర్రాడు చూడటం గీడటం పెట్టుకోకుండా అదే కిటికీలోంచి తువ్వాలు విసురుతాడు. ఇద్దరూ లోపలికి ఎక్కేసరికి సీటు ఎవరిదో చెప్పనక్కర్లేదు. పేరుతో స్టాట్ పిలవడం తొంగిచూడటం. ఓపెన్ పిలవడం తువ్వాలు వేయడం. పెద్దమనిషి చూసింది అబద్ధం కాదు, చూసిన క్షణానికి సీటు ఖాళీయే. కాకపోతే అతను కూర్చోవాల్సింది ఆ క్షణంలో కాదు.

తువ్వాలునైనా మొండివాడు తీసి పక్కన పెట్టి కూర్చోగలడు. కెర్నల్ ఇచ్చిన డిస్క్రిప్టర్ దగ్గర ఆ మొండితనం చెల్లదు. ఒకసారి తెరిచాక ఆ ఫైలు పేరు ఎవరైనా మార్చినా, డైరెక్టరీలోంచి తుడిచేసినా, అదే పేరుతో ఇంకో ఫైలు తెచ్చిపెట్టినా, చేతిలోని డిస్క్రిప్టర్ మాత్రం మొదట తెరిచిన ఫైలునే చూపిస్తుంది. పేరు పోయినా, చివరి డిస్క్రిప్టర్ మూసేదాకా ఆ ఐనోడ్ బతికే ఉంటుంది. యూనిక్స్‌లో పేరు వేరు, ఫైలు వేరు. పేరన్నది డైరెక్టరీలో రాసిన ఒక వరస మాత్రమే. ఆ వరసను ఎప్పుడైనా, ఎవరైనా, అనుమతి ఉంటే చాలు, ఒక్క రీనేమ్ కాల్‌తో మార్చేయవచ్చు. స్టాట్‌కు ఒక పేరు ఇచ్చి, తర్వాత ఓపెన్‌కు అదే పేరు ఇస్తే, రెండూ ఒకే ఫైలును ముట్టుకున్నాయన్న హామీ ఎక్కడా లేదు. ప్రోగ్రామర్ తనంతట తాను అనుకోవడమే.

ఆ రెండు కాల్స్ మధ్య సందు మైక్రోసెకన్లే కదా, అంతలో ఎవరు దూరతారు అన్నది మామూలుగా వచ్చే ఎదురు మాట. చరిత్ర దానికి సమాధానం చెప్పింది.

ఈ జబ్బును ఐబీఎం మెయిన్‌ఫ్రేముల సందర్భంలో మెక్‌ఫీ అనే రచయిత 1974లోనే ఐబీఎం సిస్టమ్స్ జర్నల్‌లో వివరించాడు. సరిచూసిన సమయానికీ వాడుకున్న సమయానికీ మధ్య విషయం మారిపోవడం అని దాని సారం. తర్వాత దానికి టాక్‌టూ అన్న పొట్టి పేరు స్థిరపడింది. 1993లో అది ఎక్స్‌టెర్మ్ అనే టెర్మినల్ ప్రోగ్రాములో బయటపడింది. చాలా యంత్రాల్లో ఎక్స్‌టెర్మ్ రూట్ అధికారంతో నడిచేది. తెర మీద నడిచేదాన్ని లాగ్ ఫైలులోకి రాసే సౌకర్యం అందులో ఉండేది. ఆ ఫైలులో రాసే హక్కు నిజంగా ఈ యూజర్‌కు ఉందా అని ముందు చూసి, తర్వాత రూట్‌గా తెరిచేది. చూసిన తర్వాత, తెరిచే లోపు, యూజర్ ఆ పేరును పాస్‌వర్డ్ ఫైలు వైపు చూపే సింబాలిక్ లింకుగా మార్చేస్తే? యూజర్ చేతిలో రూట్ కలం పడినట్టే. ఆ ఏడాది సెర్ట్ సంస్థ దీని మీద ప్రత్యేకంగా హెచ్చరిక వెలువరించింది. గమనించాల్సింది ఏమిటంటే, ఎక్స్‌టెర్మ్ రాసినవాళ్లు అజాగ్రత్తగా ఉండి చెక్ మానేయలేదు. చెక్ చేశారు. ఆ చెక్ మీద నమ్మకమే కొంప ముంచింది.

1996లో మ్యాట్ బిషప్, మైఖేల్ డిల్గర్ ఇలాంటి జంట కాల్స్‌ను సోర్స్ కోడ్‌లోనే పసిగట్టే పద్ధతి మీద వ్యాసం రాశారు. అసలు రసవత్తరమైన ఘట్టం మాత్రం 2004లో మొదలైంది. డ్రూ డీన్, అలన్ హూ అనే ఇద్దరు పరిశోధకులు యూజ్‌నిక్స్ భద్రతా సదస్సులో ఒక సంగతిని గణితపరంగా రుజువు చేశారు. అప్పటికి అందుబాటులో ఉన్న సిస్టమ్ కాల్స్‌తో, యూజర్‌కు హక్కు ఉందో లేదో చూసే యాక్సెస్, ఓపెన్ జంటను అన్ని యూనిక్స్‌ల మీదా పనిచేసేలా కచ్చితంగా సరిదిద్దడం సాధ్యం కాదన్నారు. కచ్చితంగా కాకపోతే పోనీ, దాడి చేసేవాడు ఓడిపోయే అవకాశాన్ని పెంచుదామని ఒక ఉపాయం చెప్పారు. ఒకసారి చూసి ఊరుకోకుండా మళ్లీ మళ్లీ చూడు, మళ్లీ మళ్లీ తెరువు, ప్రతిసారీ ఒకే ఫైలు వచ్చిందో లేదో పోల్చు. దొంగ ఒక పందెం గెలవవచ్చు గానీ వరసగా అన్నీ గెలవలేడు కదా అన్నది లెక్క.

ఏడాది తిరక్కుండానే ఆ లెక్క తిరగబడింది. 2005లో అదే సదస్సులో బెర్కిలీ పరిశోధకులు బోరిసోవ్, జాన్సన్, శాస్త్రి, వాగ్నర్ ఆ కాపలాను దాటే మార్గం చూపించారు. వాళ్లు డైరెక్టరీలోపల డైరెక్టరీ, లింకు వెనక లింకు పెట్టి పద్మవ్యూహం లాంటి దారి కట్టారు. పేరు చివరికి చేరాలంటే కెర్నల్ ఆ దారంతా నడవాలి, మధ్యలో డిస్కు కోసం ఆగాలి. దాంతో మైక్రోసెకన్ల సందు తాపీగా నడిచి వెళ్లగలిగేంత వీధి అయింది. మరి ప్రోగ్రాము ఇప్పుడు ఏ అడుగులో ఉందో దొంగకు ఎలా తెలుస్తుంది? ఫైలు చివరిసారి ఎప్పుడు వాడారో చెప్పే ఏ-టైమ్‌ను చూసి. ఎవరి భద్రత కోసం స్టాట్‌ను వాడమంటున్నారో వాళ్లమీదికే స్టాట్ ఇచ్చే సమాచారాన్ని ఎక్కుపెట్టారన్నమాట. "ఒకసారి కాదు, రెండుసార్లు చెక్ చేస్తే సరి" అనేవాళ్లు ఈ ఒక్క వ్యాసం చదివితే చాలు.

ఇదంతా పాత సీ కోడ్ గోల, కొత్త భాషల్లో ఉండదనుకోవడం ఇంకో భ్రమ. మెమరీ భద్రతకు పేరు పడ్డ రస్ట్‌లోనే, డైరెక్టరీని లోపలున్న వాటితో సహా తుడిచేసే ప్రామాణిక ఫంక్షన్‌లో ఇదే లోపం దొరికింది. చేతికి తగిలింది డైరెక్టరీయో సింబాలిక్ లింకో ముందు చూసి, తర్వాత లోపలికి దిగేది. ఈ మధ్యలో డైరెక్టరీ స్థానంలో లింకు పెడితే, ఎక్కువ అధికారంతో నడిచే ప్రోగ్రాము చేత తుడవకూడని చోటును తుడిపించవచ్చు. 2015 నాటి 1.0 వెర్షన్ నుంచి ఉన్న ఈ లోపాన్ని 2022 జనవరిలో 1.58.1తో సరిచేశారు. భాష ఎంత కొత్తదైనా కింద ఫైల్ సిస్టమ్ అదే, పేర్లు అవే.

"మా ప్రోగ్రాము రూట్‌గా నడవదు, దాని మీద దాడి చేసేవాడూ లేడు" అనేవాళ్లు చాలామంది. న్యాయమైన మాటే. అయితే దొంగ లేని ఊళ్లో కూడా జనం తిరుగుతూనే ఉంటారు. అర్ధరాత్రి లాగ్ ఫైళ్ల పేర్లు మార్చే లాగ్‌రొటేట్, బ్యాకప్ స్క్రిప్టు, అదే ప్రోగ్రాము రెండోసారి మొదలైన కాపీ, క్రాన్‌లో పెట్టి మరిచిపోయిన పని. వీటిలో ఏదైనా ఆ సందులో అడుగుపెట్టవచ్చు. లాకు ఫైలు లేదని స్టాట్ చెప్పగానే దాన్ని సృష్టించే కోడ్‌ను రెండు ప్రాసెస్‌లు ఒకేసారి నడిపితే, ఇద్దరికీ లేదనే కనిపిస్తుంది, ఇద్దరూ తమదే లాకు అనుకుంటారు. నెలకోసారి, అదీ లోడు ఎక్కువున్న రోజునే కనిపించి, డీబగ్గర్ పెట్టగానే మాయమయ్యే బగ్గులకు ఇది పుట్టిల్లు.

ఫైళ్లు నెట్‌వర్క్ మీద ఉంటే ఇంకా విడ్డూరం. లినక్స్‌లో ఎన్ఎఫ్ఎస్ క్లయింటు ఫైలు వివరాలను మామూలుగా 3 నుంచి 60 సెకన్ల వరకు తన దగ్గరే దాచుకుంటుంది. స్టాట్ అడిగితే ఆ దాచుకున్న పాత కబురే చెప్పవచ్చు. ఓపెన్ చేసినప్పుడు మాత్రం క్లయింటు సర్వర్‌ను అడిగి వివరాలు సరిచూసుకుంటుంది. అంటే ముందు చూడటం వల్ల తెలిసేది నిన్నటి పేపరు, తెరిచాక తెలిసేది ఇవాళ్టిది.

పందెం గొడవ అటుంచి, స్టాట్ జవాబుకు చెప్పే అర్థమే తప్పు. లినక్స్ యంత్రం మీద మామూలు యూజర్‌గా కూర్చుని, పాస్‌వర్డుల హ్యాష్‌లు ఉండే షాడో ఫైలును అడిగి చూడండి. స్టాట్ నిక్షేపంగా పనిచేస్తుంది, సైజు చెబుతుంది, తేదీ చెబుతుంది. తెరవబోతే అనుమతి లేదంటుంది. స్టాట్‌కు ఫైలు మీద ఏ అనుమతీ అక్కర్లేదు, దారిలోని డైరెక్టరీల్లో నడిచే హక్కు ఉంటే చాలు. కాబట్టి స్టాట్ విజయం తెరవగలమన్నదానికి ఏ సాక్ష్యమూ కాదు. అనుమతి బిట్లను విడివిడిగా విప్పి లెక్కగట్టినా లాభం లేదు. ఏసీఎల్‌లు, చదవడానికే మౌంట్ చేసిన ఫైల్ సిస్టమ్, ఎస్ఈలినక్స్ నియమాలు ఆ బిట్లలో కనిపించవు. ఇవన్నీ కలిపి తీర్పు చెప్పేది కెర్నల్, అదీ ఓపెన్ పిలిచినప్పుడు.

మైనస్ ఒకటి వస్తే ఫైలు లేనట్టే అన్న రెండో ముక్క ఇంకా ప్రమాదం. దారిలో ఒక డైరెక్టరీ తలుపు మూసి ఉన్నా అదే మైనస్ ఒకటి. లింకులు చుట్టూ తిరిగి సుడిగుండమైనా అదే. పేరు మరీ పొడుగైనా అదే. 32 బిట్ల ప్రోగ్రామును పెద్ద ఫైళ్ల ఆప్షన్ లేకుండా కంపైల్ చేస్తే, 2 జీబీ దాటిన ఫైలుకూ అదే. అంటే ఎదురుగా కొండంత ఫైలు ఉండగా ప్రోగ్రాము "ఫైలు లేదు" అని తెర మీద రాస్తుంది! అసలు కారణం చెప్పే ఎర్నోను చూడకుండా స్టాట్ ఫలితాన్ని ఉందీ లేదుగా మార్చేసే ఫంక్షన్‌ను ప్రతి కంపెనీ కోడ్‌లోనూ ఎవరో ఒకరు రాసిపెట్టి ఉంటారు, మిగతావాళ్లు దాన్ని నమ్ముకుని బతుకుతుంటారు.

సైజు సంగతి కూడా ఇలాంటిదే. స్టాట్ చెప్పిన సైజుకు సరిపడా మెమరీ తీసుకుని ఒక్క గుటకలో చదివేయడం మరో ప్రసిద్ధ పద్ధతి. ప్రాక్ కింద ఉండే సీపీయూఇన్ఫో ఫైలు మీద దాన్ని ప్రయోగిస్తే సైజు సున్నా వస్తుంది, చదివితే మాత్రం పేజీలకు పేజీలు. పెరుగుతున్న లాగ్ ఫైలైతే మెమరీ తీసుకునేలోపే ఇంకొన్ని బైట్లు పెరుగుతాయి. ఇక్కడ ఎఫ్‌స్టాట్ కూడా ఇచ్చేది అంచనాయే. రీడ్ సున్నా బైట్లు ఇచ్చేదాకా చదవడం ఒక్కటే నికరమైన లెక్క. (సీ-టైమ్ అంటే ఫైలు పుట్టిన సమయమని రికార్డుల్లో రాసేవాళ్లకు వేరే వ్యాసం కావాలి. అది ఐనోడ్ చివరిసారి మారిన సమయం. పుట్టిన సమయం కావాలంటే లినక్స్‌లో 2017లో 4.11 కెర్నల్‌తో వచ్చిన స్టాట్ఎక్స్‌ను అడగాలి, అదీ ఫైల్ సిస్టమ్ దాచి ఉంటేనే.)

అవతలి పక్షం దగ్గర గట్టి వాదన ఒకటుంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. చూడకుండా తెరవడమే ప్రమాదమైన సందర్భాలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. ఫిఫో పైపును చదవడానికి తెరిస్తే అవతల రాసేవాడు వచ్చేదాకా ప్రోగ్రాము నిలబడిపోతుంది. కొన్ని టేప్ డ్రైవుల వంటివి తెరవగానే కదలడం మొదలుపెడతాయి. కానీ దీనికి మందు ముందుగా తొంగిచూడటం కాదు. చూసినప్పుడు మామూలు ఫైలుగా ఉన్నది తెరిచేసరికి ఫిఫో అయి ఉండవచ్చు కదా, అదే సందు. నాన్‌బ్లాక్ ఫ్లాగుతో తెరిస్తే ఫిఫో దగ్గర ఆగిపోవడం ఉండదు. తెరిచాక ఎఫ్‌స్టాట్ పిలిచి, మామూలు ఫైలు కాదంటే మూసేయాలి. అసలు పరికరాన్ని కదిలించకూడదంటే లినక్స్‌లో ఓ-పాత్ ఫ్లాగు ఉంది. ఫైలును నిజంగా తెరవకుండా పట్టు మాత్రం ఇస్తుంది, 3.6 కెర్నల్ నుంచి దాని మీద ఎఫ్‌స్టాట్ కూడా పనిచేస్తుంది.

మరి పద్ధతి ఏమిటి? ముందు తెరవాలి. ఓపెన్ కాదంటే ఎర్నో చెప్పే కారణాన్నే యూజర్‌కు చెప్పాలి, అది స్టాట్ చెప్పేదానికన్నా నిజం. తెరుచుకుంటే ఎఫ్‌స్టాట్‌తో చేతిలో ఉన్నదాన్ని పరీక్షించాలి. అనుమతులు మార్చాలంటే ఎఫ్‌సీహెచ్‌మాడ్, యజమానిని మార్చాలంటే ఎఫ్‌సీహెచ్‌ఓన్. ఎక్కడా మళ్లీ పేరు ఎత్తకూడదు. లేకపోతేనే సృష్టించాలనుకుంటే క్రియేట్, ఎక్స్‌క్లూజివ్ ఫ్లాగులు రెండూ కలిపి ఓపెన్‌కు ఇస్తే కెర్నల్ చూడటమూ చేయడమూ ఒక్క ఉదుటున చేస్తుంది. ఎఫ్‌ఓపెన్ అలవాటున్నవాళ్లకు 2011 సీ ప్రమాణం ఇదే పనికి మోడ్ చివర ఎక్స్ అక్షరాన్ని చేర్చింది. తాత్కాలిక ఫైళ్లకు ఎంకేఎస్‌టెంప్. చివర లింకు ఉండకూడదంటే నోఫాలో ఫ్లాగు. అది దారి మధ్యలోని లింకులను ఆపదు, కాబట్టి దారంతా నమ్మకం లేని చోట 2020లో 5.6 కెర్నల్‌తో వచ్చిన ఓపెన్ఎట్2. లెక్కేస్తే ఇది ఎక్కువ పని కూడా కాదు. స్టాట్ తర్వాత ఓపెన్ అంటే కెర్నల్ పేరు వెంట రెండుసార్లు నడవాలి, ఓపెన్ తర్వాత ఎఫ్‌స్టాట్ అంటే ఒక్కసారే.

పేరుతో స్టాట్ ఎక్కడా వాడొద్దని కాదు. ఎల్ఎస్, డీయూ, ఫైండ్ లాంటి వాటికి సమాచారమే సరుకు. చూసి చెప్పడమే వాటి పని, ఆ చూసినదాని మీద ఇంకేదీ కట్టవు. ల్యాబుల్లో ఎల్ఎస్ మైనస్ ఎల్ ప్రోగ్రాము రాయించడం మంచి అభ్యాసమే, ఎల్‌స్టాట్‌తో రాయిస్తే ఇంకా మంచిది. గిట్ కూడా ఏ ఫైళ్లు మారాయో త్వరగా పట్టుకోవడానికి స్టాట్ ఇచ్చిన సమయం, సైజు, ఐనోడ్ నంబర్లను ఇండెక్స్‌లో దాచుకుంటుంది. అయితే ఇండెక్స్ రాసిన క్షణంలోనే, సైజు మారకుండా ఫైలు మారితే స్టాట్ మోసపోతుందని గిట్‌కు తెలుసు. అందుకే ఫైలు సమయం ఇండెక్స్ సమయం కన్నా పాతది కాకపోతే స్టాట్ మాట పక్కన పెట్టి లోపలి సరుకునే పోల్చి చూస్తుంది. ఇంతగా స్టాట్ మీద ఆధారపడ్డ సాధనమే దాన్ని గుడ్డిగా నమ్మదు.

ప్రోగ్రామర్లు మారతారని ఎదురుచూసి విసిగిన కెర్నల్ రచయితలు 2012లో లినక్స్ 3.6లో ఒక కంచె కట్టారు. టెంప్ లాంటి అందరూ రాయగల స్టికీ డైరెక్టరీల్లో వేరొకరు పెట్టిన సింబాలిక్ లింకు వెంట పోనివ్వని ఏర్పాటు అది. చాలా డిస్ట్రిబ్యూషన్లు ఇప్పుడు దాన్ని ఆన్ చేసే పంపుతున్నాయి. యాక్సెస్ మ్యాన్ పేజీ కూడా ఫైలు తెరిచే ముందు ఈ కాల్‌తో చూసుకోవద్దని సూటిగా హెచ్చరిస్తుంది. సెర్ట్ సీ కోడింగ్ నియమాల్లో దీనికోసం ప్రత్యేకంగా ఒక నియమం ఉంది. చెప్పాల్సినవాళ్లంతా చెప్పారు. వినాల్సిన చోటు తరగతి గది ఒక్కటే మిగిలింది.

ఈ సెమిస్టర్ రికార్డులు దిద్దే అధ్యాపకులకు ఒక విన్నపం. ఓపెన్‌కు ముందు స్టాట్ కనిపిస్తే ఎర్ర సిరాతో ఒక బాణం గీసి దాన్ని కిందికి దించండి, దాని ముందు ఎఫ్ చేర్చండి, డిస్క్రిప్టర్ ఇవ్వమని పక్కన రాయండి. వైవాలో మొదటి ప్రశ్న కూడా మార్చండి. తెరిచే ముందు ఏం చేయాలని కాకుండా, తెరిచిన తర్వాత ఏం చూడాలని అడగండి.